తలకట్టు

నోయిడాలో మా అక్కావాళ్ల ఫ్లాటుకి చేరిన రాత్రి, మా మేనల్లుడు మా నాన్న నోటుపుస్తకం అందుకుని తలకిందులుగా తెరిచాడు. పావుగంట అలాగే చూశాడు. తలకిందులుగా ఉందని వాడికి తెలీదు. నోయిడాలో పుట్టి అక్కడే పెరిగినవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. “తిప్పి పట్టుకోరా” అనబోతుంటే వాడే తలెత్తాడు.

“మామయ్యా, తాతయ్య చెయ్యి ఎక్కడా ఆగలేదు, చూశావా?”

నేను చూళ్లేదు. ఆ పుస్తకం ఇరవై ఏళ్లుగా నా దగ్గరే ఉంది. ఏ పేజీలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కిళ్లీకొట్టు బోర్డు, రెండు రంగులు, అడ్వాన్సు యాభై. టైలరు షాపు రేకు, బాకీ పన్నెండు రూపాయలు. ఆఖరి నాలుగు పేజీల్లో బ్రష్షు కుదిరిందో లేదో చూసుకోడానికి గీసిన పిచ్చిగీతలు. అంతే. చెయ్యి ఆగిందో లేదో చూడాలన్న ఆలోచన ఏనాడూ రాలేదు.

ఢిల్లీలో ఉన్న మూడు రోజులూ ఆ మాట నా వెంటే తిరిగింది.

*

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవాడు. రేకుకి ముందు రెడాక్సైడ్ కొట్టి, ఆరాక రెండుసార్లు ఎనామిల్ వేసేవాడు. సుద్దపొడి పట్టించిన దారాన్ని అటు చివర నేనూ ఇటు చివర తనూ బిగించి పట్టుకుని, మధ్యలో లాగి టపీమని వదిలితే తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్య పెన్సిలు గుర్తులు కూడా పెట్టుకునేవాడు కాదు. చేతిలో ఉడత వెంట్రుకల బ్రష్షు, మణికట్టు ఆనించుకోడానికి చివర గుడ్డ చుట్టిన కర్ర. నాన్న బోర్డుల్లో సూర్యుడు ఎప్పుడూ ఎడమవైపు పైనే ఉండేవాడు. అక్షరం నీడ కుడివైపు కిందికి పడేది. పొద్దున రాసినా, లైట్లు వేశాక రాసినా ఆ లెక్క మారేది కాదు.

ఎన్నికలొస్తే గోడలు. 1983 ఎన్నికలప్పుడు నేను పట్టుకున్న పసుపురంగు డబ్బాల బరువు ఇప్పటికీ భుజానికి గుర్తుంది. ఏ గోడ మీద చూసినా ముందు ‘రిజర్వుడు’ అన్న మాట, తర్వాత పార్టీ పేరు. గోడరాతల మీద మన రాష్ట్రంలో 1997లో చట్టం వచ్చింది. నాన్నకి గోడలు పోయాయి, రేకులు మిగిలాయి. ఆ రేకులు కూడా పోయింది మాత్రం నా వల్లే.

నేను మొదట డీటీపీ షాపు పెట్టాను. అను ఫాంట్లు, పేజ్‌మేకరు, శుభలేఖలకి బాపుగారి అక్షరాలు. ఆ తర్వాత అప్పు చేసి ఫ్లెక్సు మిషను తెచ్చాను. నాన్న రెండు రోజులు పట్టే బోర్డుని అది పది నిమిషాల్లో కక్కేది. నన్ను ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం షాపుకొచ్చి, వేలాడుతున్న ఫ్లెక్సు ముందు నిలబడి, “నీ అక్షరాలన్నీ కవలలురా” అన్నాడు. ఒక ‘క’ ఇంకో ‘క’లా ఉంటే అది అచ్చు, రాత కాదని ఆయన లెక్క. నేను నవ్వేసి ఊరుకున్నాను. నేను శుభలేఖల మీద వాడే ఆ గుండ్రటి అక్షరాలు కూడా ఒకప్పుడు ఒక మనిషి మణికట్టులోంచి పుట్టినవేనని, బాపు చేతిరాతని ముందు జనం ప్రేమించాకే కంప్యూటర్లోకి ఎక్కించారని, అప్పుడు నాకు తట్టలేదు.

ఇన్నేళ్ల తర్వాత అక్క ఫోన్ చేసింది. “వీడు డిజైను చదువుతున్నాడు కదా, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి నాన్న చేతిరాత కావాలంటున్నాడు. స్కాన్ పంపితే ఒప్పుకోడట, పుస్తకమే కావాలట. నువ్వే పట్టుకుని రారా, నాలుగు రోజులుండి పోదువుగాని.” జనవరి చలి అన్నాను. స్వెట్టరుందిలే అంది.

*

విజయవాడలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. దారంతా స్టేషన్ల పసుపు బోర్డులు చూసుకుంటూ పోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మంచిర్యాల దాటి బల్హార్షా వచ్చేసరికి తెలుగు జారిపోతుంది. అక్కణ్నించి పైనంతా గీతకి వేలాడే అక్షరాలే. దండెం మీద బట్టలు ఆరేసినట్టుంటుంది నాగరి లిపి. మనది అలా కాదు. ఏ అక్షరానికి ఆ అక్షరం తన నెత్తిన తనే చిన్న తలకట్టు పెట్టుకుని విడిగా కూచుంటుంది. ఆగ్రా దగ్గర నుంచి మంచు. అసలు బోర్డులే కనిపించలేదు. ఢిల్లీ ఎప్పుడొచ్చిందో కూలీల కేకలు విని తెలుసుకోవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున మేనల్లుడు నన్ను లోధీ కాలనీకి బయల్దేరదీశాడు. నోయిడా నుంచి మెట్రో బ్లూ లైన్లో మండీ హౌస్, అక్కడ వయొలెట్ లైన్ మారి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. “గోడరాతలు చూద్దువుగాని రా మామయ్యా, తాతయ్య ఉంటే నన్ను ఇక్కణ్నించి కదలనిచ్చేవాడు కాదు” అన్నాడు.

లోధీ కాలనీ 1940లలో తెల్లవాళ్లు సర్కారు ఉద్యోగుల కోసం కట్టించిన ఇళ్లు. దేశం వదిలి వెళ్లేముందు వాళ్లు ఢిల్లీలో కట్టిన చివరి కాలనీల్లో ఒకటి. ఎత్తయిన కమాన్లు, వాటికి అటూ ఇటూ పెద్ద పెద్ద ఖాళీ గోడలు, ముందు వెడల్పాటి రోడ్లు, చెట్లు. 2015 నుంచి ఆ గోడల మీద బొమ్మలు మొదలయ్యాయి. ఇప్పుడు యాభైకి పైనే ఉన్నాయి. టిక్కెట్టు లేదు, గేటు లేదు. బొమ్మ కింద స్కూటర్లు, బొమ్మ పక్కన ఆరేసిన దుప్పట్లు, ఒకచోట బొమ్మకి వీపు ఆనించి బఠాణీలు ఒలుస్తున్న ముసలావిడ. జపాన్‌లోని హిరోషిమా నుంచి వచ్చిన కళాకారుడు సుయికో గీసిన తామర ఒక గోడంతా విప్పుకుని ఉంది. జనానికి కనిపించే గోడల మీద రాతలు రాయకూడదని ఢిల్లీకి కూడా 2007 నాటి చట్టముంది. ఆ ఊళ్లోనే సర్కారు ఇళ్ల గోడలు అనుమతితో ఇలా నిండాయి. అదే గోడ, అదే రంగు. కాగితం మీద సంతకం ఉంటే కళ, లేకపోతే కేసు.

దీని వెనక ఉన్న మనుషుల్లో ముఖ్యుడు హనీఫ్ కురేషీ. గుజరాత్ నుంచి వచ్చి, బరోడాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివి, ప్రకటనల కంపెనీల్లో పనిచేశాడు. 2014లో నలుగురు మిత్రులతో కలిసి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ మొదలుపెట్టాడు. ఐటీఓ దగ్గర పాత పోలీసు హెడ్‌క్వార్టర్సు గోడ మీద ఆకాశమంత గాంధీ బొమ్మ వేయించింది ఆ ఏడే. హైదరాబాదు ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తా గోడలకి 2016లో రంగులద్దించింది కూడా ఈ సంస్థే. అయితే మేనల్లుడు నాకు చెప్పాలనుకున్న కథ అది కాదు.

“అతనికి అసలు పిచ్చి బోర్డులంటే మామయ్యా. ఊరూరా బోర్డులు రాసే పెయింటర్ల దగ్గరికెళ్లి, వాళ్లచేత అక్షరాలన్నీ వరసగా రాయించి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఫాంట్లు చేశాడు. పాతఢిల్లీలో కఫీల్ అనే పెయింటరున్నాడు. ఆ ఫాంటు పేరే ‘పెయింటర్ కఫీల్’.”

హ్యాండ్‌పెయింటెడ్ టైప్ అని ఆ పనికి పేరు. కఫీల్ అక్షరంలో నిండు రంగు ఒక పొర, అంచు ఒక పొర, నీడ ఒక పొర. బోర్డు మీద ఎలా ఒకదాని మీద ఒకటి ఆరబెడుతూ వేస్తారో కంప్యూటర్లో అలాగే. ఏ ఫ్లెక్సు మిషను వాళ్ల నోటి దగ్గర కూడు తీసిందో, ఆ మిషను లోపలికే వాళ్ల చేతిని ఎక్కించాడన్న మాట. నేను కంప్యూటరుతో ఒక చేతిని ఇంటికి పంపాను, ఇంకొకడు అదే కంప్యూటరుతో ఎందరివో చేతుల్ని దాచిపెట్టాడు. రోడ్డు పక్కన సిమెంటు దిమ్మ మీద కాసేపు కూచున్నాను. మేనల్లుడు చలికనుకుని టీ తెచ్చాడు.

హనీఫ్ 2024 సెప్టెంబరులో పోయాడు. నలభై రెండు కూడా నిండలేదు.

ఆయన చెయ్యి పడిన గోడ ఒకటి అక్కడుంది. లెక్, సోవాట్ అని ఇద్దరు ఫ్రెంచి గ్రాఫిటీ కళాకారులు, వాళ్లతో పాటు హనీఫ్. దాని పేరు ‘వుయ్ లవ్ దిల్లీ’. పేరు తెలిసినా నేను చదవలేకపోయాను. ఒక గీతని పట్టుకుని పోతే అది ఇంకో గీత కిందికి దూరుతుంది. అక్షరమని అనుకున్నది అలంకారమవుతుంది, అలంకారమనుకున్నది అక్షరమై కూచుంటుంది. ముప్ఫై ఏళ్లుగా నా వ్యాపారమంతా ‘పదడుగుల దూరం నుంచి కూడా చదవగలగాలి’ అన్న ఒక్క సూత్రం మీద నడిచింది. ఈ గోడని అరచెయ్యంత దూరం నుంచి చూసినా చదవనివ్వదు. మొదట చిరాకేసింది. తర్వాత, చదివే పని తప్పాక, కళ్లకి వేరే పని దొరికింది. ఎక్కడ చెయ్యి దూకుడుగా లాగిందో, ఎక్కడ వెనక్కి తగ్గిందో కనిపించడం మొదలైంది. నైరూప్య చిత్రమంటే అర్థం కానిదని నేను అనుకునేవాణ్ని. అర్థాన్ని పక్కన కూచోబెట్టి చేతిని ముందుకు పిలవడం కూడా కావచ్చు.

ఇంకో గోడ దగ్గర అసలు బొమ్మే లేదు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన అక్షరాల ముక్కలున్నాయి, అంతే. “ఇది ఎండొస్తేగాని కనపడదు” అన్నాడు వాడు. డాకూ అన్న మారుపేరుతో, ముఖం చూపించకుండా పనిచేసిన కళాకారుడు 2016లో చేసింది. పేరు ‘టైమ్ చేంజెస్ ఎవ్రీథింగ్’. మంచు వీడలేదు. రెండో టీ అయింది, మూడోది అయింది. పన్నెండు కావస్తుండగా పల్చటి ఎండ దిగింది. ఆ ముక్కల నీడలు గోడ మీద మాటలై పరుచుకున్నాయి. కాలంతో పాటు మారేవాటి పేర్లన్నీ ఇంగ్లిషులో. మేం చూస్తుండగానే ఒక మాట కాస్త సాగింది. సూర్యుడు జరిగితే రాత జరుగుతుంది. నాన్న సూర్యుణ్ని ఎడమవైపు పైన మేకు కొట్టి పెట్టుకున్నాడు. ఇతను మేకు పీకేశాడు.

*

అదే వయొలెట్ లైన్లో వెనక్కి వెళ్తే జామా మసీదు స్టేషను. మసీదు పక్క వీధి ఉర్దూ బజార్. కబాబుల పొగలో పుస్తకాల షాపులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ చేత్తో రాసిపెట్టే కాతిబులు వరసగా కూచునేవారట. పెళ్లిపత్రికలు, పోస్టర్లు, పుస్తకాలకి పుస్తకాలు వాళ్ల కలం మీదే నడిచేవి. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబు, ఉర్దూ రాసే నస్తలీఖ్ శైలిలో దాదాపు 20 వేల అక్షరగుచ్ఛాల్ని స్వయంగా రాసి యంత్రానికి అప్పగించాడు. అదే నూరీ నస్తలీఖ్. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు మన దేశంలోనే తయారై ఆ అక్షరాల్ని బల్ల మీది కంప్యూటర్లోకి తెచ్చింది. ఆ తర్వాత ఈ వీధిలో ఏమయిందో నాకెవరూ చెప్పక్కర్లేదు. తెనాలిలో నేను చేసిందే.

ఒక షాపు అరుగు మీద ఒక పెద్దాయన కనిపించారు. డెబ్బై దాటి ఉంటాయి. మేనల్లుడు “ఉస్తాద్” అని పలకరించి, మా నాన్న సంగతి చెప్పాడు. ఆయన పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. వెదురు కలం ఏటవాలుగా కోసి ఉంది. సిరాలో ముంచి ఒక్కసారి కాగితం మీద ఒత్తారు. పలకలా నిలబడిన చుక్క పడింది. దాన్ని నుఖ్తా అంటారు. ఏ అక్షరం ఎంత పొడుగుండాలో, ఎంత వంగాలో ఆ చుక్కలతో కొలుస్తారు. నిలువు గీత అలిఫ్‌ని ఒకటి గీసి, పక్కన చుక్కలు పేర్చి చూపించారు. కొలబద్ద ఎక్కణ్నించో రాదు, రాసే కలంలోంచే పుడుతుంది. లావు కలమైతే పెద్ద చుక్క, పెద్ద అక్షరం. నాకు సుద్దదారం గుర్తొచ్చి నవ్వొచ్చింది. మేం కొలతని బయటి నుంచి తెచ్చి రేకు మీద కొట్టేవాళ్లం.

“మీ లిపి ఒకటి రాయండి” అన్నారు. ఆ కలంతోనే ‘అ’ రాశాను. వెదురు నా మాట వినలేదు, లోపలి చుట్టు దగ్గర సిరా ముద్దయింది. ఆయన ఆ అక్షరం చుట్టూ చుక్కలు పెట్టి కొలవబోయారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. అటు తిప్పి ఇటు తిప్పి, కాగితం పక్కన పెట్టి ఏదో అన్నారు. మేనల్లుడు తెలుగులో చెప్పాడు: “మీ అక్షరం నిలబడదు, నడవదు, కూచుంటుంది అంటున్నారు మామయ్యా.”

ఆయనకి తెలుగు రాదు కాబట్టి అది కనిపించింది. నస్తలీఖ్ నిజంగానే నడుస్తుంది. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి, మెట్లు దిగుతున్నట్టు. నాకు ఉర్దూ రాదు కాబట్టి నాకది కనిపించింది. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రబడ్డాయంటారు. ఆ సంగతి ఉస్తాద్‌కి చెప్పించాను. ఆయన వెదురు కలాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, “అంతే కదా, చెయ్యి ఎప్పుడూ దేనికో భయపడుతూనే రాస్తుంది” అన్నారు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. నా ‘అ’ ఉన్న కాగితం మాత్రం దాచుకున్నారు.

*

ఆ రాత్రి అక్క పెసరట్లు వేసింది. బావ హీటరు పక్కన కూచుని, ఆంధ్రాభవన్‌లో భోజనం చెయ్యకుండా నోయిడా వచ్చానని నన్ను ఎత్తిపొడుస్తున్నాడు. మేనల్లుడు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

“ఈవిడ జరీనా. వీళ్లది అలీగఢ్.”

జరీనా హాష్మీ 1937లో అలీగఢ్‌లో పుట్టింది. గణితం చదివి, చెక్కమీద చెక్కి కాగితం మీద అచ్చు వేసే కళలోకి వచ్చింది. దౌత్యాధికారి భార్యగా ఊళ్లూ దేశాలూ తిరిగింది. కొన్నేళ్లు ఢిల్లీలో ఉంది. తర్వాత న్యూయార్క్, చివరికి 2020లో లండన్‌లో కన్నుమూసింది. దేశం రెండయిన పన్నెండేళ్లకి, 1959లో, అమ్మానాన్నలు కరాచీ వెళ్లిపోయారు. ఆవిడ బొమ్మల్లో మనుషులుండరు. నలుపు, తెలుపు, కొన్ని గీతలు. అలీగఢ్ ఇంటి నేలపటం గీసి గదుల పేర్లు ఉర్దూలో రాసుకుంది. ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’లో 36 ఉర్దూ మాటలకి 36 అచ్చులు తీసింది.

నన్ను ఆపేసింది 2004 నాటి ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’. కరాచీలో ఉన్న అక్క రాణి ఆవిడకి ఉత్తరాలు రాసింది. రాసింది గానీ పోస్టు చెయ్యలేదు. అమ్మానాన్నలు పోవడం, ఇల్లు అమ్మెయ్యడం, ఇలాంటి కబుర్లు. కొన్నేళ్లకి అవి చెల్లెలి చేతికి వచ్చాయి. ఆవిడ ఆ ఉర్దూ దస్తూరీని ఉన్నదున్నట్టు అచ్చు వేసి, దాని మీద ఇంటి నేలపటాలూ ఊళ్ల పటాలూ నల్లగా పరిచింది. కొన్నిచోట్ల గీతల కింద ఉత్తరం చదవడానికి వీల్లేకుండా పోయింది.

“ఉర్దూ వచ్చినవాళ్లకి అక్క ఏం రాసిందో తెలుస్తుంది. రానివాళ్లకి అక్క చెయ్యి వణికిందో లేదో తెలుస్తుంది. నేనింకా రెండోవాళ్లలోనే ఉన్నాను” అన్నాడు వాడు.

వంటింట్లోంచి మా అక్క, “ఏం రాసిందట్రా?” అని అడిగింది.

“ఇల్లు అమ్మేశారట” అన్నాను. పెనం మీద పెసరట్టు కాస్త ఎక్కువసేపే ఉండిపోయింది. తెనాలిలో నాన్న ఇల్లు అమ్మి అప్పటికి తొమ్మిదేళ్లు.

*

మూడో రోజు నేనే ఒక చోటు అడిగాను. ఢిల్లీలో అశోకుడి బండ ఉందని ఎప్పుడో చదివాను. ఈస్ట్ ఆఫ్ కైలాశ్‌లో, ఇస్కాన్ గుడికి దగ్గర్లో, పార్కులో చిన్న గుట్ట. పైన కప్పు, చుట్టూ ఇనుప ఊచలు. 1966 దాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఊచల్లోంచి చూస్తే ఏటవాలు రాతి మీద గీతలు. ఎండ ఏ పక్క నుంచి పడుతుందో ఆ పక్కకి ఒరిగి చూస్తేగాని అక్షరాలని తెలీదు. రెండువేల రెండొందల ఏళ్లు దాటిన చేతిరాత. పార్కులో పిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు.

ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో తోప్రా అనే ఊరి నుంచి అశోకుడి స్తంభాన్ని పడవల మీద తెప్పించి తన కోటలో నిలబెట్టుకున్నాడు. దాని మీదున్నది చదవమని పండితుల్ని పిలిపిస్తే ఎవరికీ రాలేదు. అయినా తీసెయ్యలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పేదాకా అది చూడ్డానికే నిలబడి ఉంది. మేనల్లుడికి ఈ కథ నచ్చింది. “అయితే సుల్తాను కూడా మావాడే” అన్నాడు.

నేను వాడికి మన ఎర్రగుడి సంగతి చెప్పాను. కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర బండల మీద ఇదే అశోకుడి మాటలున్నాయి. అక్కడ చెక్కినవాడు ఒక శాసనంలో కొన్ని వరసల్ని ఎడమ నుంచి కుడికీ, కొన్నిటిని కుడి నుంచి ఎడమకీ రాశాడు. నాగలి చాలు చివరిదాకా పోయి ఎడ్లు వెనక్కి తిరిగినట్టు. రాజు మాటలు పాటలీపుత్రం నుంచి వచ్చాయి, చెయ్యి మాత్రం చెక్కినవాడిది. ఆజ్ఞలో లేనిదాన్ని వాడు తనంతట తను చేశాడు.

వాడు వినడం లేదు. ఊచలు పట్టుకుని బండకేసి చూస్తున్నాడు.

“మామయ్యా, వీటికి తల లేదు.”

నిజమే. ఆ బ్రాహ్మీ అక్షరాలకి పైన ఏమీ ఉండదు. ఒట్టి గీత, ఒట్టి సున్న, ఒట్టి కూడిక గుర్తు. తర్వాత శతాబ్దాల్లో రాసేవాళ్లు కలం ఆనించిన చోట గీత కొసన చిన్న మొన తేలింది. ఉత్తరాదిన ఆ మొనలు సాగి సాగి ఒకదానితో ఒకటి చేతులు కలిపి శిరోరేఖ అయ్యాయి. మన వైపు విడివిడిగా ఉండిపోయి తలకట్టయ్యాయి. దండేనికి ఆరేసినవీ, విడిగా కూచున్నవీ ఈ బండ దగ్గర ఒకే ఇంటి పిల్లలు.

నేను చెప్తుంటే వాడు ఫోను తీసి, నాన్న పుస్తకం ఫొటోలు జరుపుకుంటూ పోయి ఒక దగ్గర ఆగాడు. ఆఖరి పేజీలు. నా లెక్కలో పిచ్చిగీతలు.

“ఇవి నేను మొన్న గుజరాతీ అనుకున్నా. గుజరాతీకి పైన గీత ఉండదు కదా, అందుకని. కానీ తాతయ్యకి గుజరాతీ ఎందుకొస్తుంది? ఇది చూడు. ఇది హిందీ. ‘బ్యాంక్’ అని రాశాడు. మళ్లీ ‘బ్యాంక్’. పేజీ అంతా అదే. పైన గీత గియ్యలేదు. దాని బదులు ఒక్కో అక్షరానికి ఒక్కో తలకట్టు పెట్టాడు.”

ఫోను అందుకున్నాను. వేళ్లతో పెద్దది చేశాను. ఆరు నుంచి పది దాకా స్కూల్లో హిందీ చదివినవాణ్ని నేను. ఇరవై ఏళ్లుగా ఆ పేజీ చూస్తున్నవాణ్ని. గీత లేదు కాబట్టి హిందీ కాదనుకున్నాను, తెలుగు కాదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. మా బజార్లో ఒక బ్యాంకు బ్రాంచి తెరిచినప్పుడు మూడు భాషల బోర్డు నాన్నకి వచ్చింది. తెలుగు, హిందీ, ఇంగ్లిషు. నాన్నకి హిందీ ఒక్క ముక్క రాదు. ఎవరో కాగితం మీద రాసిస్తే దాన్ని ముందు పెట్టుకుని రాత్రుళ్లు సాధన చేశాడు. బోర్డు తీసుకెళ్లిన సాయంత్రమే తిరిగొచ్చింది. మధ్య వరసకి పైన గీత లేదని ఎవరో ఎత్తి చూపారట. నాన్న మారు మాట్లాడకుండా సుద్దదారం తీశాడు. ఇటు చివర నేనే పట్టుకున్నాను. ఆ గీత కొత్తది కాబట్టి మిగతా అక్షరాలకంటే ఒక్క వాసి ముదురుగా ఉండేది. ఫ్లెక్సు వచ్చి ఆ బోర్డు దించేదాకా అది నాకు కనిపిస్తూనే ఉండేది. ఎందుకలా ఉందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మాట్లాడితే యాస తెలుస్తుందంటారు. రాసినా తెలుస్తుంది. మా నాన్న హిందీని తెనాలి యాసలో రాశాడు.

*

నాలుగో రోజు సాయంత్రం బండి. పుస్తకం సంచీలో పెట్టుకున్నాను, మళ్లీ తీసి మేనల్లుడి బల్ల మీద పెట్టాను. వాడి గోడ మీద అప్పటికే పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. నాన్న ‘ళ’ ఒకటి, ‘శ్రీ’ ఒకటి, బాకీ పద్దులో పన్నెండు అంకె ఒకటి, మనిషంత ఎత్తున, నల్ల ఇంకుతో, అర్థం పోగొట్టుకుని వంపు మాత్రం మిగుల్చుకుని. వాటిని నేను చదవకుండా ఉండలేను. అయినా ఈసారి చదివాక కాసేపు అక్కడే నిలబడ్డాను.

“ప్రాజెక్టు అయ్యాక పంపిస్తా మామయ్యా.”

“నీ దగ్గరే ఉండనీరా. నా దగ్గర ఇరవై ఏళ్లుంది, చాల్లే.”

తెనాలి చేరిన వారానికి, షాపులో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సు వస్తుండగా, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. వాడు మొదటిసారి తెలుగు రాశాడు. ‘తాతయ్య’. వంకర్లున్నాయి. యావత్తు ఎక్కడికో పోయింది. చిన్నప్పటి నుంచి హిందీ రాసిన చెయ్యి కదా, మూడక్షరాల్నీ కలుపుతూ పైన నిండుగా ఒక గీత లాగాడు.

“కరెక్టేనా మామయ్యా?” అని కింద అడిగాడు.

మన భాషలో దిద్దడమంటే తప్పు సరిచెయ్యడం. పలక మీద పెద్దవాళ్లు రాసిచ్చిన అక్షరం మీదే చిన్నవాళ్లు చెయ్యి నడిపించడం కూడా దిద్దడమే. మొదటి రకానికి వేలు ఫోను మీద ఆనించి, ఆగాను. మిషను ఆపి, షాపు వెనక గదిలోకి వెళ్లి, నాన్న ఉడత వెంట్రుకల బ్రష్షున్న డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టాను.